తక్కువ ధర టీవీలు: చెడ్డపేరులో నిజమెంత?

ఈరోజు టాపిక్ టీవీలు. అందులోనూ అందరూ తిట్టే టీవీలు. ఇంట్లో టీవీ కొందాం అనగానే ఏమవుతుందో మీకు తెలుసు. నాన్న ఏమో "నాలుగు డబ్బులు ఎక్కువైనా పేరున్న కంపెనీదే తీసుకో" అంటారు. షాపాయన "సార్, అవన్నీ రెండేళ్ల మాల్, తర్వాత నన్ను అడగొద్దు" అంటాడు. ఫోన్ తీస్తే సేల్‌లో అదే సైజు టీవీ చాలా తక్కువ రేటుకి కనిపిస్తుంది. మధ్యలో మనం నలిగిపోతాం.

ఈ వీడియోలో ఏ మోడల్ కొనాలో చెప్పను. మోడళ్లు ఏడాది తిరగకుండానే మారిపోతాయి. ఆ చెడ్డపేరుని విప్పి చూద్దాం. అందులో ఏ ముక్క నిజం, ఏ ముక్క పుకారు, ఏ ముక్క వ్యాపారం? ఎందుకు పట్టించుకోవాలి అంటే, పన్నెండు వేలు కొంతమందికి ఒక వీకెండ్ ఖర్చు, కొంతమందికి నెల జీతం. ఈ వీడియో ఆ రెండో వాళ్ల కోసం. వాళ్లకి తప్పు టీవీ పడితే ఇంకోటి కొనే చాన్స్ లేదు.

ముందు ఒక విషయం. బడ్జెట్ టీవీ అని మనం ఒకే సంచిలో వేసేవి నిజానికి మూడు రకాలు.

మొదటి రకం, సొంత పేరు, సొంత సర్వీసు ఏర్పాటు ఉన్న కంపెనీలు. షావోమి లాంటివి. 2018 ఫిబ్రవరిలో వాళ్లు ఇండియాలో 55 అంగుళాల 4కే టీవీని 39,999 రూపాయలకి పెట్టారు. ఆ రోజుల్లో ఆ సైజుకి ఆ ధర వింటే ఎవరూ నమ్మలేదు. "ఇంత తక్కువకి ఇస్తున్నారంటే లోపల ఏదో మోసం ఉంది" అన్న అనుమానం అప్పుడే బాగా పాకింది.

రెండో రకం, పేరు అద్దెకి తీసుకున్న బ్రాండ్లు. కొడాక్ అంటే అమెరికా కెమెరా కంపెనీ, థామ్సన్ అంటే ఫ్రాన్స్, బ్లౌపుంక్ట్ అంటే జర్మనీ అనుకుంటాం. ఇండియాలో ఈ మూడు పేర్లతో టీవీలు చేసి అమ్మేది సూపర్ ప్లాస్ట్రానిక్స్ అనే మన దేశపు కంపెనీ. లైసెన్స్ తీసుకుని, పేరు వాడుకునే హక్కుకి డబ్బు కట్టి చేస్తారు. ఇది చట్టబద్ధమే, ప్రపంచమంతా జరిగేదే. కానీ తాతగారి కాలంలో కొడాక్ ఫిల్మ్ బాగుండేది కాబట్టి ఈ టీవీ కూడా బాగుంటుంది అనుకుంటే లెక్క తప్పుతుంది. ఆ టీవీని దాని గుణం చూసి, దాని సర్వీసు చూసి కొనండి. పేరు చూసి కొనకండి, పేరు చూసి వదిలేయనూ వద్దు.

మూడో రకం, అసలు తయారీదారు ఎవరో తెలియని టీవీలు. పెద్ద కంపెనీ పేరులో ఒక అక్షరం అటూ ఇటూ మార్చి స్టిక్కర్ వేస్తారు. "లోపల జపాన్ ప్యానెల్" అని నోటిమాటగా చెప్తారు. బిల్లు అడిగితే చీటీ ముక్క ఇస్తారు. చెడ్డపేరులో సగానికి పైగా మోయాల్సింది వీళ్లే అని నా అభిప్రాయం. కానీ మనం మూడింటినీ కలిపి "లోకల్ టీవీలు" అంటాం కాబట్టి మిగతా రెండు రకాలకీ ఆ మచ్చ అంటుకుంది.

ఇప్పుడు అసలు ఆరోపణలకి వద్దాం. మొదటిది, "బడ్జెట్ టీవీలో ప్యానెల్ నాసిరకం".

టీవీ తయారీ ఖర్చులో సగానికి పైగా ప్యానెల్‌కే పోతుంది. ఈ ప్యానెల్ చేసే ఫ్యాక్టరీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బీఓఈ, టీసీఎల్ వాళ్ల సీసాట్, హెచ్‌కేసీ, తైవాన్‌లో ఏయూఓ, ఇన్నోలక్స్, ఇలా కొన్నే. మరి పెద్ద పేర్లు? శాంసంగ్ డిస్‌ప్లే 2022లోనే ఎల్‌సీడీ ప్యానెళ్ల తయారీ ఆపేసింది. ఎల్‌జీ డిస్‌ప్లే చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉన్న తన ఎల్‌సీడీ ఫ్యాక్టరీని సీసాట్‌కి అమ్మేసింది, 2025లో ఆ చేతులు మారడం పూర్తయింది. అంటే మీరు షోరూమ్‌లో పెద్ద కంపెనీ మామూలు ఎల్‌ఈడీ టీవీ కొన్నా, లోపలి ప్యానెల్ బయటి ఫ్యాక్టరీ నుంచి కొన్నదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

కూర్పు సంగతి కూడా అంతే. 2020 జులైలో మన ప్రభుత్వం కలర్ టీవీల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. లైసెన్స్ లేకుండా రెడీమేడ్ టీవీ తేవడం కుదరదు. కాబట్టి ప్యానెల్ బయటి నుంచి వచ్చినా టీవీ కూర్చేది ఇక్కడే. మన తిరుపతిలో డిక్సన్ కంపెనీ ప్లాంట్ ఉంది, షావోమి టీవీలు అక్కడ చేయిస్తున్నట్టు 2018లోనే ప్రకటించారు. హైదరాబాద్‌లో రేడియంట్ అనే కంపెనీ కూడా వేర్వేరు బ్రాండ్లకి టీవీలు చేసిపెడుతుంది. ఇలాంటి చోట్ల ఒకే కప్పు కింద ఒక లైన్‌లో ఒక పేరు, పక్క లైన్‌లో ఇంకో పేరు వెళ్తుంటాయి. చేసే చేతులు అవే. "చైనా మాల్" అని మనం తిట్టే టీవీకి బిగించిన స్క్రూ మన తిరుపతి పిల్లలు బిగించిందే కావచ్చు.

అయితే బ్రో, ప్యానెల్ ఒకటే అయితే టీవీ కూడా ఒకటేనా? కాదు. ఇక్కడ షాపాయన మాటలో కొంత నిజం ఉంది.

ఎల్‌సీడీ ప్యానెల్ తనంతట తాను వెలగదు. వెనక ఎల్‌ఈడీ పట్టీలు ఉంటాయి. వాటినే బ్యాక్‌లైట్ అంటాం. ధర తగ్గించాలంటే చేయి ముందు దీని మీదే పడుతుంది. పది బల్బులు పెట్టాల్సిన చోట ఆరు పెడతారు. ఆ ఆరింటితోనే అంత వెలుగు రావాలి కాబట్టి ఎక్కువ కరెంటు తోస్తారు. కరెంటు ఎక్కువైతే వేడి, వేడి ఎక్కువైతే ఆయుష్షు తక్కువ. పైగా ఇవి ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి, పాత సీరియల్ లైట్లలా. ఒకటి పోతే ఆ వరసంతా ఆరిపోవచ్చు. తర్వాత పవర్ బోర్డులో వాడే కెపాసిటర్లు, స్పీకర్లు, ప్రాసెసర్, ర్యామ్. 1 జీబీ ర్యామ్ ఉన్న స్మార్ట్ టీవీలో యాప్ నొక్కి, నీళ్లు తాగి వచ్చేలోపు తెరుచుకుంటే అదృష్టం.

ఇంకో ట్రిక్ డబ్బా మీద మాటలు. "హెచ్‌డీఆర్ సపోర్ట్" అని రాస్తే, ఆ సిగ్నల్‌ని టీవీ తీసుకోగలదు అని అర్థం, అంతే. దాన్ని చూపించాలంటే తెర బాగా వెలగాలి. బడ్జెట్ టీవీలు మామూలుగా 200 నుంచి 300 నిట్స్ దగ్గర ఆగిపోతాయి. హెచ్‌డీఆర్ తేడా కంటికి తెలియాలంటే అంతకంటే చాలా ఎక్కువ కావాలి. 32 అంగుళాల్లో "హెచ్‌డీ రెడీ" అంటే 1366×768 పిక్సెళ్లు. మీ చేతిలో ఫోన్‌కే ఇంతకంటే ఎక్కువ ఉండొచ్చు.

ఇక్కడ పెద్ద కంపెనీలు తప్పించుకునే పాయింట్ ఒకటి ఉంది. షోరూమ్‌లో గోడంత టీవీ చూపించి మనసు దోచుకుంటారు. మనం కొనేది అదే పేరున్న 32 అంగుళాల బేసిక్ మోడల్. ఆ బేసిక్ మోడల్లో కూడా హెచ్‌డీ రెడీ ప్యానెలే, చిన్న స్పీకర్లే, తక్కువ ర్యామే కనిపిస్తాయి చాలాసార్లు. లక్షన్నర టీవీ సంపాదించిన మంచిపేరు మీద పదిహేను వేల టీవీ అమ్ముడుపోతుంది. అలాగే ఊరూపేరూ లేని టీవీ తెచ్చిన చెడ్డపేరు మంచి బడ్జెట్ టీవీ మీద పడుతుంది. రెండు చోట్లా మనం చూడాల్సింది ఆ మోడల్ ఒక్కదాన్నే.

రెండో ఆరోపణ, సాఫ్ట్‌వేర్. నేను వీడియోల్లోకి రాకముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను కాబట్టి ఇది కాస్త దగ్గరగా తెలుసు. ప్రతి పాత మోడల్‌కీ అప్‌డేట్ ఇవ్వాలంటే టీమ్ ఉండాలి, టెస్టింగ్ ఉండాలి, జీతాలు ఉండాలి. టీవీ మీద మిగిలేదే తక్కువైతే మూడేళ్ల తర్వాత ఆ ఖర్చు ఎవరు పెడతారు? 2018 ఏప్రిల్‌లో షావోమి అధినేత లే జున్, హార్డ్‌వేర్ వ్యాపారం మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని బహిరంగంగా మాట ఇచ్చారు. వినడానికి బాగుంది. మరి మిగతా ఆదాయం ఇంటర్నెట్ సేవల నుంచి, యాడ్స్ నుంచి రావాలి కదా. టీవీ ఆన్ చేయగానే హోమ్ స్క్రీన్ మీద మనం అడగని బొమ్మలు ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు అర్థమైందా? పెద్ద బ్రాండ్లు కూడా ఈ పనే చేస్తున్నాయి. తేడా ఏంటంటే, వాళ్లు ధర కూడా తగ్గించలేదు.

కానీ సాఫ్ట్‌వేర్ పాతబడితే మందు ఉంది. కొన్ని వేలు పెట్టి ఒక మంచి కంపెనీ స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చితే టీవీ మళ్లీ కొత్తదవుతుంది. కాబట్టి ఈ ఒక్క కారణానికి టీవీని కొట్టిపారేయక్కర్లేదు.

ఒకటి మాత్రం చాలా జాగ్రత్త. గూగుల్ టీవీ అధికారిక సర్టిఫికేషన్ ఉండటం వేరు, ఉచితంగా దొరికే ఆండ్రాయిడ్ కోడ్ తెచ్చి పెట్టుకోవడం వేరు. రెండో దాంట్లో అసలైన ప్లే స్టోర్ ఉండదు. వైడ్‌వైన్ ఎల్1 అనే రక్షణ లేకపోతే నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీలో రావు, మసక బొమ్మే దిక్కు. 4కే టీవీ కొని 480పీ చూడటం అంటే ఏసీ కొని ఫ్యాన్ వేసుకున్నట్టు. ఇంకా భయపెట్టేది భద్రత. 2025 జులైలో గూగుల్ అమెరికాలో కోర్టుకెక్కింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే ముఠా, సర్టిఫికేషన్ లేని ఆండ్రాయిడ్ పరికరాలు కోటికి పైగా తన చేతిలో పెట్టుకుందని ఆరోపణ. స్ట్రీమింగ్ బాక్సులు, ప్రొజెక్టర్లు లాంటివి. ఇంట్లో వైఫై, అదే వైఫై మీద మీ ఫోన్, ఆ ఫోన్‌లో యూపీఐ. తెలియని బాక్సుని ఇంట్లో ఎందుకు కూర్చోబెట్టకూడదో ఇక చెప్పక్కర్లేదు.

మూడోది అసలైనది. సర్వీసు.

ఇక్కడ బడ్జెట్ బ్రాండ్ల చెడ్డపేరు చాలావరకు న్యాయమే. హైదరాబాద్‌లో, విజయవాడలో రెండు రోజుల్లో మనిషి వస్తాడు. అదే మండల కేంద్రం దాటి లోపలికి వెళ్తే టికెట్ నంబర్ ఒక్కటే వస్తుంది, మనిషి రాడు. మా బంధువుల ఇంట్లో ఒక టీవీ వారంటీలో ఉండగానే గీతలు పడింది. కంప్లైంట్ పెట్టిన ప్రతిసారీ "మీ పిన్‌కోడ్‌కి టెక్నీషియన్‌ని కేటాయిస్తున్నాం" అని మెసేజ్. నెల గడిచింది. టీవీని ఆటోలో వేసుకుని పట్నం తీసుకెళ్లారు. టీవీ బాగైంది గానీ, ఆటో ఖర్చు, రెండు రోజుల కూలి ఎవరిస్తారు? ధర తక్కువ అన్నప్పుడు ఈ ఖర్చు ఎక్కడా రాసి ఉండదు.

ఇంకో ప్రమాదం, బ్రాండే సర్దుకుని వెళ్లిపోవడం. వన్‌ప్లస్ 2019లో ఆర్భాటంగా టీవీలు తెచ్చింది. కొన్నేళ్లకే వెబ్‌సైట్ నుంచి టీవీలు తీసేసింది. అది ఊరూపేరూ లేని కంపెనీ కాదు కదా. ఫోన్ల కంపెనీకి టీవీ ఒక పక్క వ్యాపారం. లాభం లేకపోతే ఆపేస్తారు. కొన్నవాడికి మాత్రం టీవీ గోడ మీదే ఉంటుంది.

సరే, ఇప్పుడు లెక్క. ఉదాహరణకి, ఒకే సైజు రెండు టీవీలు. పెద్ద కంపెనీది 45 వేలు, బడ్జెట్ ది 30 వేలు. పెద్దది ఆరేళ్లు పని చేసిందనుకోండి, ఏడాదికి 7,500. బడ్జెట్ ది నాలుగేళ్లు పని చేసినా ఏడాదికి అదే 7,500. అంటే రెండేళ్లు ముందే పోయినా మీకు నష్టం లేదు. ఐదేళ్లు వస్తే లాభం మీదే. రెండేళ్లకే పోతే ఏడాదికి 15 వేలు, అది నిండా మునగడం. సూత్రం చాలా సింపుల్. ధరలో ఎంత వంతు తగ్గిందో, ఆయుష్షులో అంతకంటే ఎక్కువ వంతు తగ్గకూడదు. పదిహేను వేల టీవీ మీద వెయ్యి రూపాయలు మిగులుతుంది అని తెలియని బ్రాండ్‌కి పోవడం దండగ. మూడో వంతు మిగులుతుంటే అప్పుడు ఆలోచించండి.

ఇంకో లెక్క, నాకు దీనికంటే ముఖ్యమైంది. ఈఎంఐ. వారంటీ ఏడాది, ఈఎంఐ 18 నెలలు. పద్నాలుగో నెలలో టీవీ పోతే? తెర నల్లగా ఉంటుంది, బ్యాంకు వాడు మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున టంచనుగా వస్తాడు. ఉన్నవాడికి టీవీ పోతే చిరాకు, లేనివాడికి అప్పు మీద అప్పు. అందుకే నా రూల్ ఒకటే. ఈఎంఐ ఎన్ని నెలలో వారంటీ కనీసం అన్ని నెలలు ఉండాలి. లేకపోతే ఈఎంఐ తగ్గించుకోండి, లేదా సైజు తగ్గించుకోండి.

కొనే ముందు చేయాల్సినవి గబగబా చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, డబ్బా మీద లేబుల్ చదవండి. తయారుచేసిన లేదా దిగుమతి చేసిన కంపెనీ పేరు, అడ్రస్, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలని చట్టమే చెప్తుంది. అవి లేకపోతే అక్కడే దండం పెట్టి వచ్చేయండి.

రెండు, బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టండి. అసలు ఎవరికి ఇచ్చిన నంబరో చూపిస్తుంది.

మూడు, కొనకముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. "మా పిన్‌కోడ్ ఇది, టెక్నీషియన్ ఇంటికి వస్తాడా, దగ్గర్లో సెంటర్ ఎక్కడ" అని అడగండి. అమ్మేటప్పుడే ఫోన్ ఎత్తనివాడు పాడయ్యాక ఎత్తుతాడా?

నాలుగు, వారంటీలో ప్యానెల్‌కి ఎన్నేళ్లో విడిగా చూడండి. టీవీలో ఖరీదైన భాగం అదే. వారంటీ దాటాక మార్చాలంటే దాదాపు కొత్త టీవీ ధర అడుగుతారు.

ఐదు, టీవీ వచ్చాక డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి. రీప్లేస్‌మెంట్ గడువు ఉన్న రోజుల్లోనే టీవీని గట్టిగా వాడండి. చీకటి గదిలో నల్లటి బొమ్మ పెట్టి మూలల్లో వెలుగు కారుతోందా చూడండి. అన్ని పోర్టులూ గుచ్చి చూడండి. బిల్లు ఫొటో తీసి దాచుకోండి.

వాడేటప్పుడు రెండే పనులు. సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్ నూరులో ఉంటే రాత్రిపూట అరవై, డెబ్బైకి దించండి. ఇందాక చెప్పిన వేడి తగ్గుతుంది, కళ్లకీ హాయి. ఉరుములు, మెరుపులు మొదలైతే ప్లగ్‌తో పాటు కేబుల్ వైరు కూడా తీసేయండి.

ఇక వారంటీ దాటాక బొమ్మ పోయి, మాట మాత్రం వినిపిస్తుంటే కంగారు పడకండి. గది చీకటి చేసి, టీవీ ఆన్‌లో ఉంచి, ఫోన్ టార్చ్ తెరకి దగ్గరగా పట్టండి. లోపల బొమ్మలు లీలగా కదులుతున్నాయా? అయితే ప్యానెల్ బతికే ఉంది, పోయింది బ్యాక్‌లైట్ వైపు. ఎల్‌ఈడీ పట్టీలు మార్చడం మన ఊరి టీవీ మెకానిక్ చేయగలిగే పనే, ప్యానెల్ ధరలో చాలా తక్కువలో అయిపోతుంది. "ప్యానెల్ పోయింది, కొత్త టీవీ కొనుక్కోండి" అని ఎవరైనా అంటే ముందు ఈ టార్చ్ పరీక్ష చేయమనండి.

వారంటీలో ఉండి కంపెనీ తిప్పించుకుంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువకి ఫిర్యాదు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. పన్నెండు వేల టీవీకి కోర్టేంటి అనుకోకండి. మనం అలా అనుకుంటామనే ధైర్యంతోనే కొందరు ఫోన్ ఎత్తరు.

సో, ఫైనల్‌గా బడ్జెట్ టీవీలకి ఆ చెడ్డపేరు తగినదేనా? బొమ్మ విషయంలో, ఆ ధరకి, చాలావరకు తగదు. సాఫ్ట్‌వేర్ విషయంలో సగం తగుతుంది, దానికి మందు ఉంది. సర్వీసు విషయంలో తగుతుంది, ఆ మచ్చ పోవాలంటే కంపెనీలు యాడ్స్‌కి పెట్టే డబ్బులో కొంత చిన్న ఊళ్లలో టెక్నీషియన్ల మీద పెట్టాలి. తయారీదారు ఎవరో తెలియని టీవీల విషయంలో మాత్రం ఇంకా ఎక్కువ చెడ్డపేరు రావాలి.

నాన్నగారు "పేరున్న కంపెనీ" అన్నారంటే ఆయన భయం పేరు గురించి కాదు. పాడైతే ఎవరిని పట్టుకోవాలి అన్నది ఆ భయం. ఆ ప్రశ్నకి మీ పిన్‌కోడ్‌లో జవాబు ఉన్న టీవీ ఏదైనా సరే, ధైర్యంగా ఇంటికి తెచ్చుకోండి.

ఇంట్లో ఎవరైనా టీవీ కొనే ఆలోచనలో ఉంటే, ముఖ్యంగా ఈఎంఐ మీద, వాళ్లకి ఈ వీడియో పంపండి.